చూపు నేర్పిన గురువు

కన్నులున్న ప్రతివారూ చూస్తారు. కాని చూచినదానిలోని విశేషాన్ని గ్రహించేవారు కొందరే ఉంటారు. తాము గ్రహించినదానిని పదిమంది చేత గ్రహింపజేయగలవారు మరీ అరుదు. అటువంటి అరుదైన ఆచార్యులలో జీన్ మార్టిన్ షార్కో ఒకడు. ఆయన ఫ్రాన్సు దేశపు వైద్యుడు. మెదడు, వెన్నుపాము, నరాలకు సంబంధించిన వ్యాధుల అధ్యయనాన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు. పారిస్ నగరంలోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో 1862 నుండి 1893 వరకు ఆయన రోగులను పరీక్షించాడు, విద్యార్థులకు బోధించాడు. ఆయన కనుగొన్న సత్యాలు ఎంత గొప్పవో, ఆయన చేసిన ఒక పొరపాటు కూడా అంత ప్రసిద్ధమైనది. ఆ పొరపాటును సరిదిద్దినవారిలో ఆయన శిష్యుడే ముఖ్యుడు కావడం ఈ జీవితగాథలోని విశేషం.

షార్కో 1825 నవంబరు 29న పారిస్‌లో జన్మించాడు. తండ్రి గుర్రపు బగ్గీలు తయారుచేసే వృత్తిలో ఉండేవాడు. అది సంపన్న కుటుంబం కాదు. బాలుడైన షార్కో మితభాషి. ఏకాంతంగా కూర్చొని చదువుకోవడం, బొమ్మలు గీయడం ఆయనకు ఇష్టమైన పనులు. చిత్రకారుడు కావాలా, వైద్యుడు కావాలా అని కొంతకాలం ఊగిసలాడి, చివరకు వైద్య విద్యనే ఎన్నుకున్నాడు. అయినా చిత్రకళ ఆయనను విడిచిపోలేదు. ఆకారాన్ని, రంగును, కదలికను ఏకాగ్రతతో గమనించే చిత్రకారుని దృష్టి తరువాతి కాలంలో రోగి శయ్య పక్కన ఆయనకు పెట్టనికోట అయింది.

ఆయన ప్రగతి మొదటి నుండి సులభంగా సాగలేదు. 1848లో పారిస్ ఆసుపత్రులలో శిక్షణ వైద్యుడిగా చేరాడు. 1853లో కీళ్ల వ్యాధులపై సిద్ధాంత వ్యాసం రాసి వైద్య పట్టా పొందాడు. వైద్య విద్యాలయంలో అధ్యాపక అర్హతకై 1857లో పోటీ పరీక్షకు హాజరై విఫలుడయ్యాడు. నిరాశ చెందక తిరిగి ప్రయత్నించి 1860లో ఉత్తీర్ణుడయ్యాడు. వేల మందిని తన ప్రసంగాలతో ఆకట్టుకొన్న వ్యక్తి అధ్యాపక పరీక్షలో ఒకసారి ఓడిపోయాడంటే నేటి విద్యార్థులకు ఆశ్చర్యం కలుగుతుంది, ధైర్యమూ కలుగుతుంది.

1862లో షార్కో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో వైద్యుడిగా నియమితుడయ్యాడు. ఆ స్థలంలో పూర్వం తుపాకి మందు తయారీకి సంబంధించిన కర్మాగారం ఉండేది. మందుగుండుకు కావలసిన సురేకారం పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది. 1656లో పదునాలుగవ లూయీ కాలంలో దానిని నిరుపేదలకు, నిరాశ్రయులకు ఆవాసంగా మార్చారు. షార్కో నాటికి అందులో సుమారు 5,000 మంది ఉండేవారు. వారిలో అధిక సంఖ్యాకులు వృద్ధ స్త్రీలు, దీర్ఘరోగులు, మూర్ఛరోగులు, మతిభ్రమణం చెందినవారు. పేరు తెచ్చుకోగోరే వైద్యులకు అది ఆకర్షణీయమైన చోటు కాదు. అక్కడివారిలో చాలామంది నయమై ఇంటికి వెళ్లేవారు కారు. లోకం వారిని ఒకచోట చేర్చి మరచిపోయింది.

షార్కో మాత్రం ఆ ఆసుపత్రిని వేరొక దృష్టితో చూశాడు. ఒకే రకపు వణుకుతో పదిమంది, ఒకే రకపు పక్షవాతంతో ఇరవైమంది ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉన్నారు. వారిని క్రమపద్ధతిలో పరిశీలిస్తే ఎన్నో వ్యాధుల స్వరూపం తేటతెల్లమవుతుందని ఆయన గ్రహించాడు. సహాధ్యాయి, మిత్రుడు అయిన వుల్పియన్‌తో కలిసి వార్డు వెంట వార్డు తిరిగాడు. ఒక్కొక్క రోగి చరిత్రను, లక్షణాలను రాయించాడు. రోగి జీవించి ఉన్నంతకాలం లక్షణాలలో వచ్చే మార్పులను నమోదు చేయడం, మరణించిన తరువాత శవపరీక్ష జరిపి మెదడులో, వెన్నుపాములో ఏ భాగం చెడిపోయిందో సూక్ష్మదర్శిని సహాయంతో చూడడం, ఆ రెండింటినీ పోల్చడం ఆయన పద్ధతి. ఎక్స్ కిరణాలు కూడా లేని ఆ కాలంలో సజీవంగా ఉన్న మనిషి మెదడులో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడానికి ఇంతకు మించిన మార్గం లేదు.

ఈ పద్ధతి అపూర్వమైన ఫలితాలనిచ్చింది. ఆనాడు వణుకు రోగాలన్నింటినీ ఒకే గాటన కట్టేవారు. షార్కో వాటిని వేరుచేశాడు. కొందరికి చేయి ఒడిలో ఊరక ఉన్నప్పుడు వణుకుతుంది. మరికొందరికి చేయి నిశ్చలంగానే ఉంటుంది కాని, నీళ్ల గ్లాసు అందుకోబోతే వణుకు మొదలై గమ్యం సమీపించేకొద్దీ పెరుగుతుంది. మొదటిదానిని 1817లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ పార్కిన్సన్ వర్ణించాడు. ఆ వైద్యుని కృషిని గుర్తించి ఆ రోగానికి పార్కిన్సన్ వ్యాధి అనే పేరును ప్రతిపాదించి ప్రచారంలోకి తెచ్చినవాడు షార్కోయే. రెండవది మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడులో, వెన్నుపాములో అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు ఏర్పడడం దాని లక్షణం. 1868లో షార్కో దానిని ప్రత్యేక వ్యాధిగా స్పష్టంగా నిరూపించాడు.

ఈ వ్యాధి అధ్యయనానికి సంబంధించి ఆయన శిష్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఒక ఉదంతాన్ని రాశాడు. చేతుల వణుకు వల్ల ఎక్కడా పని దొరకని ఒక స్త్రీని షార్కో తన ఇంట పనికి కుదుర్చుకున్నాడు. ఆమె చేతిలో పళ్లేలు, పింగాణీ పాత్రలు ఎన్నో పగిలిపోయేవి. ఆ నష్టాన్ని ఏళ్ల తరబడి సహిస్తూనే షార్కో ఆమెను పనిలో ఉంచుకొని ఆమె వ్యాధిని గమనించాడు. ఆమె మరణానంతరం జరిపిన పరీక్ష ఆ వణుకు మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్లనే వచ్చిందని నిరూపించింది. ఈ ఉదంతంలో శాస్త్రజ్ఞుని జిజ్ఞాస ఎంత ఉన్నదో, మానవుని దయ ఎంత ఉన్నదో విడదీసి చెప్పడం కష్టం.

కండరాలు క్రమంగా కృశించి, కాళ్లు చేతులు బిగుసుకొని, చివరకు మింగడం, శ్వాసించడం కూడా కష్టమయ్యే మరొక దారుణ వ్యాధిని ఆయన 1869 నుండి 1874 వరకు పరిశోధించి వివరించాడు. వెన్నుపాములో కండరాలను నడిపించే నాడీకణాలు, దాని పార్శ్వభాగాలలోని నాడీతంతువులు రెండూ నశించడం దీనికి కారణమని చూపాడు. ఫ్రాన్సులో నేటికీ దానిని షార్కో వ్యాధి అనే పిలుస్తారు. సుప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1963 నుండి 2018లో మరణించే వరకు పోరాడినది ఈ వ్యాధితోనే.

శాస్త్రజ్ఞుడిగా ఇంత చేసిన షార్కో బోధనను తన ప్రధాన కర్తవ్యంగా భావించాడు. 1866లో ఆసుపత్రిలోనే వృద్ధాప్య వ్యాధులపై ఉపన్యాసాలు ప్రారంభించాడు. 1872లో వైద్య విద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. 1882లో ప్రభుత్వం ఆయన కోసం నాడీమండల వ్యాధులకు ప్రత్యేక ఆచార్య పీఠాన్ని నెలకొల్పింది. ప్రపంచంలో అటువంటి పీఠం అదే మొదటిది.

ఆయన బోధన రెండు విధాలుగా సాగేది. శుక్రవారపు ఉపన్యాసం శ్రద్ధగా సిద్ధం చేసుకొన్నది. ప్రతి వాక్యమూ ముందుగా ఆలోచించుకొని వచ్చేవాడు. నల్లబల్లపై రంగు సుద్దలతో వెన్నుపాము చిత్రాలు గీసేవాడు. గాజు పలకలపైని బొమ్మలను దీపపు వెలుగుతో తెరపై చూపించేవాడు. పాఠాలలో ఈ పద్ధతిని వాడిన తొలి వైద్యాచార్యులలో ఆయన ఒకడు. రోగుల నడకను, ముఖకవళికలను, చేతుల కదలికను తానే అనుకరించి చూపేవాడు. వేర్వేరు వణుకు రోగాలున్న స్త్రీలకు పొడవైన ఈకలు గుచ్చిన టోపీలు పెట్టించేవాడు. తల ఏ తీరున కదులుతున్నదో ఆ ఈకల ఊపును బట్టి చివరి వరుసలోని విద్యార్థికి కూడా తెలిసిపోయేది. ఎంత మాటనేర్పుతో చెప్పినా బోధపడని భేదం ఆ చిన్న ఉపాయంతో కళ్లకు కట్టేది.

మంగళవారపు పాఠం ఇందుకు భిన్నమైనది. ఆ రోజు వెలుపలి నుండి వచ్చిన రోగులను, తాను అంతకుముందు చూడనివారిని, విద్యార్థుల ఎదుటనే పరీక్షించేవాడు. ప్రశ్నలడిగి, సమాధానాలు విని, లక్షణాలను ఒక్కొక్కటిగా కూర్చి రోగనిర్ణయం చేసేవాడు. ఇది ఏ ఆచార్యునికైనా సాహసమే. ముందుగా సిద్ధం చేసుకొన్న పాఠంలో తప్పు దొరలదు. తెలియని రోగి ముందు మహాపండితుడైనా తడబడవచ్చు. వైద్యుని మనస్సు ఎట్లా పనిచేస్తుందో, ఏ అనుమానం ఎందుకు కలుగుతుందో, దానిని ఎట్లా తోసిపుచ్చాలో విద్యార్థులు ఆ పాఠాలలో ప్రత్యక్షంగా చూశారు. శిష్యులు వాటిని రాసుకొని గ్రంథరూపంలో ప్రకటించారు.

ఆ శిష్యబృందం సామాన్యమైనది కాదు. అసంకల్పితమైన కదలికలతో కూడిన వ్యాధిని 1885లో వర్ణించిన జిల్ ద లా టూరెట్ ఆయన శిష్యుడు. ఆ వ్యాధికి శిష్యుని పేరు పెట్టినవాడు గురువే. వంశపారంపర్యంగా పాదాల కండరాలు క్షీణించే వ్యాధిని 1886లో పియేర్ మరీ ఆయనతో కలిసి వర్ణించాడు. రష్యా నుండి బెఖ్తెరెవ్ వచ్చాడు. 1885 అక్టోబరులో 29 ఏళ్ల ఫ్రాయిడ్ వియన్నా నుండి వచ్చాడు. మెదడు నిర్మాణాన్ని అధ్యయనం చేయడానికి వచ్చిన ఆ యువకుడు కొన్ని నెలలలోనే మనస్సు వైపు మళ్లాడు. గురువు ఉపన్యాసాలను జర్మన్ భాషలోకి అనువదించాడు. తన పెద్దకుమారునికి జీన్ మార్టిన్ అని గురువు పేరు పెట్టుకున్నాడు.

మరొక శిష్యుడు బూర్న్‌విల్ కృషి వైద్య విద్యార్థులకే పరిమితం కాలేదు. రోగి వద్ద రాత్రింబవళ్లు ఉండేది వైద్యుడు కాదు, పరిచారిక. ఆ పరిచారికలలో అనేకులకు ఆనాడు చదవడం, రాయడం కూడా వచ్చేది కాదు. బూర్న్‌విల్ పూనికతో 1878లో సాల్పెట్రియేర్‌లో పరిచారికల శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. అక్షరజ్ఞానంతో పాటు శరీరనిర్మాణం, కట్లు కట్టడం, మందుల వినియోగం వారికి నేర్పారు. నిరుపేదల ఆశ్రమం క్రమంగా ఒక మహావిద్యాలయంగా మారింది.

కీర్తి శిఖరాన ఉన్న సమయంలో షార్కో దృష్టి హిస్టీరియా మీద నిలిచింది. శరీరంలో ఏ గాయమూ కనబడకుండానే మూర్ఛలు, పక్షవాతం, స్పర్శజ్ఞానం కోల్పోవడం వంటి లక్షణాలు కనిపించే స్థితి అది. అటువంటివారిని లోకం నటనగా భావించి పరిహసించేది. ఇది స్త్రీల గర్భాశయానికి సంబంధించినదనే ప్రాచీన అభిప్రాయమూ బలంగా ఉండేది. షార్కో రెండింటినీ ఖండించాడు. పురుషులకు, శ్రమజీవులకు కూడా ఇది వస్తుందని చూపాడు. ఒక కార్మికుణ్ణి వీధిలో బండి ఢీకొన్నది. చక్రాలు అతని కాళ్ల మీదుగా పోలేదు. పోయాయని మాత్రం అతడు గాఢంగా నమ్మాడు. అతని కాళ్లు చచ్చుబడిపోయాయి. అతడు మోసగాడు కాడనీ, భయమూ తలపూ శరీరాన్ని నిజంగానే బంధించగలవనీ షార్కో విద్యార్థులకు బోధించాడు. బాధితుని మాటను నమ్మడం కూడా వైద్యమేనని చాటిన ఘట్టమిది.

అయితే ఇక్కడే ఆయన దారి తప్పాడు. హిస్టీరియా రోగులను హిప్నాటిజం ద్వారా నిద్రావస్థకు తెచ్చినప్పుడు మూడు నిర్దిష్ట దశలు కనిపిస్తాయని, అవి నాడీమండలపు సహజధర్మాలని 1882లో ప్రకటించాడు. ఆ ప్రదర్శనలు చూడడానికి వైద్యులే కాక రచయితలు, నటులు, పత్రికలవారు కూడా వచ్చేవారు. పాఠశాల కొంతవరకు రంగస్థలమైంది. కొందరు నిరుపేద రోగిణులు ఆ రంగస్థలం మీద ప్రసిద్ధులయ్యారు. తమ నుండి ఏమి ఆశిస్తున్నారో గ్రహించి, ఒకరిని చూచి ఒకరు అదే ప్రవర్తనను చూపసాగారు. నాన్సీ నగరానికి చెందిన బెర్న్‌హైమ్ ఈ విషయాన్ని ఎత్తిచూపాడు. ఆ మూడు దశలు ప్రకృతి ధర్మాలు కావనీ, వైద్యుని సూచనల ఫలితాలనీ వాదించాడు. వివాదం ఏళ్ల తరబడి సాగింది. దేహాన్ని అంత నిశితంగా చూచిన కన్ను, చూచేవాని ప్రభావం దృశ్యాన్ని మార్చగలదన్న సంగతిని చూడలేకపోయింది.

1887లో బ్రూయే అనే చిత్రకారుడు షార్కో పాఠాన్ని ఒక పెద్ద వర్ణచిత్రంగా రచించాడు. మధ్యలో ఆచార్యుడు నిలిచి ప్రసంగిస్తున్నాడు. చుట్టూ శిష్యులు ఏకాగ్రతతో వింటున్నారు. స్పృహ తప్పి వెనుకకు వాలుతున్న బ్లాంష్ విట్‌మన్ అనే రోగిణిని ఒక యువవైద్యుడు పట్టుకొని ఉన్నాడు. ఆ యువకుడు జోసెఫ్ బాబిన్‌స్కీ. ఆ చిత్రపు ప్రతిని ఫ్రాయిడ్ తన గదిలో అలంకరించుకున్నాడు.

చివరి సంవత్సరాలలో షార్కోకు తన సిద్ధాంతంపై సందేహం కలిగింది. హిస్టీరియాపై తన అభిప్రాయాలు పాతబడిపోయాయనీ, వాటిని సమూలంగా పునఃపరిశీలించవలసి ఉన్నదనీ తన కార్యదర్శితో చెప్పినట్లు తెలుస్తున్నది. ఆ పని చేయడానికి ఆయనకు వ్యవధి దొరకలేదు. 1893 ఆగస్టు 16న, శిష్యులతో కలిసి విహారయాత్రలో ఉండగా, ఫ్రాన్సులోని మోర్వాన్ ప్రాంతంలో ఒక సరస్సు సమీపాన గుండెజబ్బుతో హఠాత్తుగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 67 సంవత్సరాలు.

గురువు పూర్తి చేయలేని పనిని శిష్యుడు చేపట్టాడు. 1896లో బాబిన్‌స్కీ ఒక చిన్న పరీక్షను ప్రకటించాడు. అరికాలిని మొనదేలిన వస్తువుతో గీస్తే ఆరోగ్యవంతుల కాలివేళ్లు కిందికి ముడుచుకొంటాయి. మెదడు నుండి వెన్నుపాముకు వచ్చే నాడీమార్గం దెబ్బతిన్నవారిలో బొటనవేలు పైకి లేస్తుంది. హిస్టీరియా వల్ల కలిగిన పక్షవాతంలో అట్లా లేవదు. గురువును చిక్కుల్లో పడవేసిన ప్రశ్నకు ఆ విధంగా రోగి అరికాలిలో సమాధానం దొరికింది. తరువాత బాబిన్‌స్కీ హిస్టీరియాపై గురువు సిద్ధాంతాన్ని బహిరంగంగానే తోసిపుచ్చాడు. అయితే ఆ నిశిత పరిశీలనను, రోగి దేహాన్నే ప్రమాణంగా స్వీకరించే ఆ పద్ధతిని ఆయన నేర్చుకొన్నది షార్కో వద్దనే. గురువు నేర్పిన చూపే గురువు పొరపాటును దిద్దింది. ఇంతకంటే గొప్ప గురుదక్షిణ మరొకటి ఉండదు.

నేటి వైద్యులు హిస్టీరియా అనే మాటను విడిచిపెట్టారు. నాడీమండలం పనితీరులోని లోపంగా ఆ స్థితిని భావించి తిరిగి శ్రద్ధగా పరిశోధిస్తున్నారు. ఆ రోగుల బాధ నటన కాదన్న షార్కో మాట నిలిచింది, ఆయన చెప్పిన దశలు నిలువలేదు. శాస్త్రం ఒక మహనీయుని మొత్తంగా స్వీకరించదు, మొత్తంగా త్రోసిపుచ్చదు. సత్యమైనంత మేరకే నిలుపుకొంటుంది.

1898లో సాల్పెట్రియేర్ ద్వారం ముందు షార్కో కంచు విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సు జర్మనీ ఆక్రమణలో ఉన్నప్పుడు ఆ విగ్రహాన్ని లోహం కోసం కరిగించివేశారు. కంచు కరిగిపోయింది గాని విద్య కరగలేదు. వణికే చేతిని చూచి, ఆ వణుకు ఊరక ఉన్నప్పుడు వస్తున్నదా, పని చేయబోయినప్పుడు వస్తున్నదా అని ఒక వైద్య విద్యార్థి ఈనాడు ఏ ఆసుపత్రిలో గమనించినా, ఆ గమనింపులో షార్కో బోధన సజీవంగా ఉన్నట్లే.